ఆ కుక్క ఎవరిది?

పెద్దలకు, అమ్మలకు నమస్కారం. కుక్క కాటుకు చెప్పు దెబ్బ అని మన సామెత. ఆ దెబ్బ కొట్టాక కూడా ఆసుపత్రి ఖర్చు మనదే కదా! దాన్ని ఎవరి నుంచి, ఎలా రాబట్టుకోవాలో చెప్పడానికే వచ్చాను.

ముందు గాయం సంగతి. కుళాయి కింద పెట్టి సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం ఏవీ పూయకండి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న భయం మన పెద్దల కాలం నాటిది, ఇప్పుడు టీకా భుజానికే వేస్తారు. చర్మం చీలి రక్తం వస్తే మాత్రం టీకాతో పాటు గాయంలో ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు, అంటే రేబిస్ క్రిమిని అక్కడే అడ్డుకునేది, కూడా వేయాలి. అడిగి మరీ వేయించుకోండి.

ఇక డాక్టరు చీటీ. నా దగ్గరకు పాల ప్యాకెట్లు వేసే కుర్రాడు ఒకడు వచ్చాడు. పిక్క కండ ఊడింది, పన్నెండు రోజులు పనికి పోలేదు. చీటీలో మాత్రం "కుక్క కాటు" అని రెండే మాటలు. ఎన్ని గాట్లో, ఎంత లోతో లేదు. కుక్క యజమాని తరఫు లాయరు ఆ రెండు మాటలే పట్టుకుని, చిన్న గీతకు ఇంత రాద్ధాంతమా అన్నాడు.

అందుకే డాక్టరు చేత గాట్లు లెక్కపెట్టించి, చీటీలో రాయించుకోండి. ఎందుకు అంటున్నానంటే, 2023 నవంబరులో పంజాబ్, హర్యానా హైకోర్టు పరిహారాన్ని పంటి గాట్ల లెక్కనే కట్టింది. గాటుకు కనీసం 10,000 రూపాయలు. కండ ఊడితే ప్రతి 0.2 సెంటీమీటరు గాయానికి కనీసం 20,000. జిల్లా అధికారి అధ్యక్షతన ఉండే కమిటీ నాలుగు నెలల్లో తేల్చాలి. ముందు ప్రభుత్వం చెల్లించి, ఆపైన బాధ్యుల దగ్గర వసూలు చేసుకోవచ్చు. గాయాన్ని స్కేలు పెట్టి కొలవడం నాకు వింతగానే తోచింది. అయినా అధికారి దయాదాక్షిణ్యాల కన్నా ఒక అంకె మేలు. ఆ తీర్పుకు మన హైకోర్టులు కట్టుబడాలని లేదు, కానీ చూపించి వాదించవచ్చు.

అసలు ప్రశ్న, ఆ కుక్క ఎవరిది? పెంపుడు కుక్కయితే దారి సులువు. "మా టామీ ఎవరినీ ఏమీ చేయదండీ" అనే యజమానులు ప్రతి వీధిలోనూ ఉంటారు, కరిచాక కూడా అదే మాట అంటారు. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం, జంతువు వల్ల ఇతరులకు హాని కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోతే ఆరు నెలల వరకు జైలు, 5,000 వరకు జరిమానా, లేదా రెండూ. కానీ జరిమానా మీ జేబులోకి రాదు. మందుల ఖర్చు, పోయిన కూలి కావాలంటే సివిల్ దావా వేయాలి. పోలీసు ఫిర్యాదు అక్కడ సాక్ష్యంగా పనికొస్తుంది.

వీధి కుక్కయితే? యజమాని లేదని ఊరుకోకండి. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వాటికి సంతాన నిరోధక శస్త్రచికిత్సలు, రేబిస్ టీకాలు వేయించే బాధ్యత స్థానిక సంస్థలది. కేరళలో బాధితుల దరఖాస్తులు విని పరిహారం తేల్చడానికి 2016లో సుప్రీంకోర్టే జస్టిస్ సిరి జగన్ కమిటీని వేసింది. అలాంటి కమిటీ లేని చోట హైకోర్టులో రిట్, అంటే అధికారులు తమ బాధ్యత నెరవేర్చలేదనే పిటిషన్, వేయాలి. అక్కడ మీకు బలం, కాటుకు ముందే మీ కాలనీ ఇచ్చిన ఫిర్యాదు. "ఈ సందులో కుక్కలు మీద పడుతున్నాయి" అని రాసిచ్చి, రసీదు తీసుకుని ఉంటే, మాకు తెలియదని మునిసిపాలిటీ తప్పించుకోలేదు. నోటిమాటగా వంద సార్లు చెప్పినా ఆ బలం రాదు.

లాయరుకు ఎక్కడి నుంచి తెచ్చి ఇవ్వాలని భయపడకండి. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. 15100కు ఫోను చేయండి.

వెనక వరుసలో అమ్మా, ఇందాకటి నుంచి చేయి ఎత్తి ఉంచారు. మీ చీటీ తెచ్చారా? ఇలా ఇవ్వండి, చూద్దాం.