లూసిమాకస్ బంగారు స్టేటర్ రివ్యూ: రాజు ముఖమున్న గ్రీకు నాణెం మొదటిసారి కొనేవాళ్లకి

నమస్కారం అండీ. ఇవాళ టేబుల్ మీద ఒక్కటే నాణెం. లూసిమాకస్ పేరుతో ముద్రించిన బంగారు స్టేటర్. స్టేటర్ అంటే పాతకాలం గ్రీకుల ఒక రకం నాణెం. రాజు ముఖం ఉన్న గ్రీకు బంగారు నాణెం ఒక్కటైనా కొనాలని ఉన్నవాళ్లకి మేం ముందు చూడమనేది దీన్నే.

మొదట ఒక పొరపాటు సరిచేద్దాం. అలెగ్జాండర్ వేయించిన బంగారు స్టేటర్ మీద కనిపించేది అలెగ్జాండర్ కాదు, శిరస్త్రాణం పెట్టుకున్న అథీనా దేవత. ఆయన తండ్రి ఫిలిప్ స్టేటర్ మీద ఉన్నది అపోలో దేవుడు. రాజు పేరు వెనకవైపు ఉంటుంది కాబట్టి "అలెగ్జాండర్ నాణెం" అని అమ్ముతారు, అందులో తప్పులేదు. కానీ ముఖమే కావాలంటే ఆయన తర్వాత రాజ్యాలు పంచుకున్న సేనాపతుల దగ్గరికి రావాల్సిందే. వాళ్లలో ఒకడు థ్రేస్‌ని (నేటి బల్గేరియా చుట్టుపక్కల ప్రాంతం) ఏలిన లూసిమాకస్. క్రీ.పూ. 297 ప్రాంతం నుంచి తన నాణేల మీద అలెగ్జాండర్ ముఖం వేయించాడు.

కెమెరా దగ్గరికి తెస్తున్నా, చూడండి. చెవి చుట్టూ వంపు తిరిగిన పొట్టేలు కొమ్ము ఉంది కదా, అది అమ్మోన్ దేవుడి గుర్తు. అలెగ్జాండర్‌ని దేవుడి కొడుకుగా చూపిస్తోంది. జుట్టులోంచి ఒక గుడ్డపట్టీ వెళ్లి మెడ వెనక కొసలు వేలాడుతున్నాయి. గ్రీకు రాజుకి అదే కిరీటం. ఇక కన్ను, పైకి చూస్తోంది. కొనేటప్పుడు కొమ్ము, కన్ను, పట్టీ, ముక్కు కొస, ఈ నాలుగూ నాణెం మీద పూర్తిగా పడ్డాయా లేదా చూడండి. ముక్కు కొస అంచు బయటికి పోయిన నాణెం ఎంత మెరుస్తున్నా మేమైతే తీసుకోం.

వెనక్కి తిప్పుదాం. సింహాసనం మీద అథీనా. ఆమె అరచేతిలో చిన్న నైకీ నిలబడి దండ చాస్తోంది. ఆ దండ ఎక్కడ ఆగిందో చూడండి, సరిగ్గా లూసిమాకస్ పేరులోని అక్షరాల మీద! విజయదేవత రాజు పేరుకే పట్టం కడుతోంది. 20 మిల్లీమీటర్లు కూడా లేని చోటులో ఇంత పని.

ఇప్పుడు ధరని తేల్చే విషయం. లూసిమాకస్ క్రీ.పూ. 281లో కోరుపీడియమ్ యుద్ధంలో చనిపోయాడు. ఈ నాణెం మాత్రం ఆగలేదు. నల్లసముద్రం ఒడ్డు నగరాలు అదే బొమ్మతో, అదే పేరుతో క్రీ.పూ. మొదటి శతాబ్దం దాకా ముద్రించాయి. మన చేతిలోది కల్లాటిస్ నగరానిది, అంటే నేటి రొమేనియాలోని మంగాలియా. సింహాసనం దగ్గర ఊరి పేరు మొదటి అక్షరాలు, అథీనా పాదాల కింద త్రిశూలం కనిపిస్తే ఈ తర్వాతి కాలం గుంపే అని అనుమానించండి. వీటిలో కొన్నింటి మీద ముఖం అలెగ్జాండర్‌ది కంటే, అప్పట్లో రోముతో యుద్ధంలో ఉన్న పాంటస్ (నేటి టర్కీ ఉత్తర తీరం) రాజు ఆరవ మిత్రిడేటీస్‌దిలా ఉంటుంది. జుట్టు తాళ్లలా ఉండటం, ఎత్తు తగ్గి చదునుగా ఉండటం కూడా గుర్తులే. రాజు బతికుండగా వేసినవాటికి రేటు చాలా ఎక్కువ. తర్వాతివి తక్కువలో దొరుకుతాయి. మొదటి నాణేనికి బాగా ముద్ర పడిన తర్వాతిదే మేలు.

బరువు చూద్దాం. తొలివి 8.5 గ్రాములు దాటతాయి, తర్వాతివి 8.2, 8.3 దగ్గర ఉంటాయి. ఇది 8.26.

ఇక లోహం. దయచేసి గీటురాయి మీద గీయించకండి, యాసిడ్ చుక్క వేయించకండి. నగకి చెల్లే పరీక్ష నాణేన్ని పాడుచేస్తుంది. నీళ్ల పద్ధతి చాలు. గ్లాసులో నీళ్లు పోసి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క కలిపి, తక్కెడ మీద పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నటి దారంతో కట్టి పూర్తిగా ముంచండి, అడుగుకి తగలకూడదు. ఇదిగో, 0.43 చూపిస్తోంది. అది నాణెం పక్కకి తోసిన నీళ్ల బరువు. 8.26ని 0.43తో భాగిస్తే 19.2, అంటే నీళ్లకంటే అన్ని రెట్లు బరువు. మేలిమి బంగారం 19.3. ఇదే బరువున్న 22 క్యారెట్ల ముక్కైతే 0.47 దాకా చూపిస్తుంది. నాణేనికి గాలిబుడగ అంటుకుంటే మంచి బంగారానికి కూడా భాగించాక వచ్చే అంకె తక్కువగా వస్తుంది, ఆ లిక్విడ్ చుక్క అందుకే. అడుగుకి తగిలితే తక్కెడ మీద అంకె ఒక్కసారిగా పెరిగిపోతుంది. తక్కెడ 0.01 గ్రాము దగ్గర తేడా చూపినా ఫలితం అటూఇటూ అవుతుంది, 0.001 చూపించేది ఉంటే ఇంకా మంచిది.

కానీ ఇది లోహాన్నే చెప్తుంది, నాణేన్ని కాదు. నకిలీలు చేసేవాళ్లు నిజమైన బంగారం కూడా వాడతారు. 19వ శతాబ్దం మొదట్లో జర్మనీలో బెకర్ అనే ఆయన చెక్కిన అచ్చులతో కొట్టిన నాణేలు ఎందర్నో మోసం చేశాయి. కాబట్టి పది రెట్లు చూపించే భూతద్దం పట్టుకోండి. అక్షరాల అంచులు అరిగిన సబ్బులా మెత్తగా ఉన్నా, చదునైన చోట సూదిమొన గుంటలున్నా, అంచు చుట్టూ అతుకు గీత ఉన్నా వదిలేయండి. ఒకే అచ్చులో పడిన రెండు నాణేలు ఉండొచ్చు, అది మామూలే. కానీ అంచు చీలిక, గీత, ముద్ర పక్కకి జరిగిన తీరు, అన్నీ ఇద్దరు అమ్మకందార్ల ఫోటోల్లో ఒకేలా ఉంటే కనీసం ఒకటి నకిలీ.

మనవాళ్లకి వెంటనే అర్థమయ్యే ఇంకో లోపం ఉంది. కాసులపేరులో కాసుకి కొక్కెం టంకం వేస్తాం చూడండి, పాత బంగారు నాణేలకీ అదే జరిగింది. తర్వాత ఆ కొక్కెం ఊడదీసి అరగదీసి అమ్ముతారు. తల పైన అంచు చదునుగా ఉందా, అక్కడ రంగు వేరుగా ఉందా, నాణెం మొత్తం ఒకే నునుపుతో పాలిష్ పెట్టినట్టుందా చూడండి. ఉంటే విలువ బాగా పడిపోతుంది. అమ్మేవాళ్లు అంచు ఫోటో ఇవ్వకపోతే అడగండి, ఇవ్వనంటే కొనకండి.

వేరేవి? ఈజిప్టు రాజు రెండో టాలమీ వేయించిన నాలుగు ముఖాల నాణెం అద్భుతం: ముందు ఆయనా ఆయన రాణి అర్సినోయీ, వెనక ఆయన తల్లిదండ్రులు, బరువు 27.7 గ్రాముల దగ్గర. ఖర్చు వేరే లోకం. బాక్ట్రియా (నేటి అఫ్గానిస్తాన్ ప్రాంతం) రాజు డయోడోటస్ స్టేటర్ మీద ముఖం గంభీరంగా ఉంటుంది కానీ చాలావాటికి ఉలిగాటు, అంటే లోపలి లోహం చూడటానికి అప్పట్లో ఉలితో పెట్టిన గాటు, ఉంటుంది. గాటు ముఖం మీద లేనిది వెతకండి.

కాగితాలు లేకుండా మాత్రం వద్దు. ఎప్పటి వేలంలో, ఏ కేటలాగులో అచ్చయిందో అడిగి, ఆ పాత ఫోటోని అంచు ఆకారంతో సహా పోల్చండి. గ్రీస్, బల్గేరియా, టర్కీ ప్రాంతాల పురాతన నాణేల దిగుమతిపై అమెరికాలో ఆంక్షలున్నాయి, అక్కడ ఉండే మనవాళ్లు రుజువులు దగ్గర పెట్టుకోవాలి. ఇండియాలో 1972 పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణేన్ని ఎవరూ సొంతంగా దేశం దాటించకూడదు. ఇక్కడ కొన్నది తర్వాత విదేశీ వేలంలో అమ్ముకుందాం అనుకుంటే కుదరదు, ఆ లెక్కతోనే కొనండి.

దాచేటప్పుడు పీవీసీ కవరు వద్దు, మైలార్ కవరు తీసుకోండి. మేలిమి బంగారం మెత్తన, సులువుగా సొట్టపడుతుంది, రెండు నాణేలు ఒకే కవర్లో వేయకండి. అక్షరాల మూలల్లో ఎర్రమట్టి మిగిలి ఉంటే దాన్ని అలాగే ఉండనివ్వండి.