ఇంటిపోరు, రింగుపోరు

అందరికీ నమస్కారం. ముందు వరసలో తల్లిదండ్రులు కూర్చున్నారు, వెనక పిల్లలు. బాక్సింగ్‌లో టైటిల్ పోరు దగ్గరపడేకొద్దీ ఈ రెండు వరసల మధ్యే మాటలు కరువవుతాయి. అందుకే ఇవాళ ఇద్దరితోనూ మాట్లాడదామని వచ్చాను.

బౌట్‌కు ముందు చేతులకు పట్టీలు చుట్టేటప్పుడు కుర్రాడి వేళ్లు నా అరచేతిలో ఉంటాయి. నోరు ఏమన్నా ఆ వేళ్లకు అబద్ధమాడటం రాదు. ఒక ఫైనల్‌ ముందు ఓ కుర్రాడు "రెండో రౌండులో పడగొట్టేస్తా సార్" అంటున్నాడు. వేళ్లు చూస్తే మంచుముక్కలు. ఎడమచేతికి పట్టీ సగం చుట్టాక మెల్లిగా అడిగాడు, "నాన్న వస్తారంటారా?" అని. మూడు వారాలుగా తండ్రీకొడుకులకు మాటల్లేవు. "ఇది ఓడితే ఇంక మానెయ్" అన్నాడట తండ్రి. కొడుకు వాచిన ముఖంతో గుమ్మంలో నిలబడితే చూడలేక అన్న మాట అది. కుర్రాడికి అది పంతంలా వినబడింది. నేనూ ఆ రోజు "అవన్నీ వదిలెయ్, అవతలివాడి గురించి ఆలోచించు" అని కసిరాను. ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది.

ధీమా అనగానే అందరికీ గుర్తొచ్చేది కాసియస్ క్లే, తర్వాత మహమ్మద్ అలీ అయినవాడు. 1964 ఫిబ్రవరి 25, మయామీ బీచ్. అప్పుడతనికి 22 ఏళ్లు. ఎదురుగా అప్పటి హెవీవెయిట్ ఛాంపియన్ సోనీ లిస్టన్, అంతకుముందు ఛాంపియన్ ఫ్లాయిడ్ ప్యాటర్సన్‌ని రెండుసార్లూ మొదటి రౌండులోనే పడగొట్టిన మనిషి. పందేలు లిస్టన్ వైపే, 7కి 1. ఆ పొద్దున, పోరుకు ముందు బరువు చూసే తూకం దగ్గర క్లే పెట్టిన కేకలకు 2,500 డాలర్ల జరిమానా పడింది. డాక్టరు నాడి పట్టుకుంటే నిమిషానికి 120. మామూలుగా అతనిది 54. కుర్రాడు హడలిపోయాడని డాక్టరు తేల్చేశాడు. కొంతసేపటికి మళ్లీ చూస్తే నాడి మామూలుగానే ఉంది! అంతా నటనేనని కొందరంటారు, నిజంగా భయపడ్డాడని కొందరు. ఇన్నేళ్లు పట్టీలు చుట్టినవాణ్ణిగా చెప్తున్నా, రెండూ ఒకే ఒంట్లో ఉంటాయి.

ఆ కేకల వెనక ఇల్లెలా ఉందో చాలామందికి తెలియదు. తండ్రి సైన్‌బోర్డులు రాసేవాడు. తల్లి ఒడెస్సా చర్చిని నమ్ముకున్న మనిషి. కొడుకు అమెరికా నల్లజాతి ముస్లింల సంస్థ నేషన్ ఆఫ్ ఇస్లాం వైపు వెళ్లాడు. పోరుకు కొన్ని వారాల ముందు తండ్రి ఆ సంగతి విలేకరి ముందు బయటపెట్టేశాడు, అది పత్రికకెక్కింది. ఆ సంబంధం తెంచుకోకపోతే పోరే రద్దు చేస్తానని ప్రమోటర్ బెదిరించాడు. క్లే తగ్గలేదు. చివరికి పోరు రోజు దాకా, ఆ సంస్థలో పేరుమోసిన మాల్కం ఎక్స్ ఊరు వదిలి ఉండేలా రాజీ కుదిరింది. ఇంత రగులుతున్నా, ఆ రాత్రి క్లే తన బౌట్‌కు ముందు హాలు వెనక నిలబడి తమ్ముడు రూడీ మొదటి ప్రొఫెషనల్ బౌట్ చూశాడు. నాకు ఆ తూకం కేకలకన్నా ఇదే ఎక్కువ గుర్తుంటుంది.

తన బౌట్‌లో నాలుగో రౌండు అయ్యేసరికి కళ్లు మండి ఏమీ కనబడక, ఇక ఆడలేనని గ్లవ్స్ కోసెయ్యమన్నాడు. అన్ని ప్రగల్భాలు పలికినవాడే! కార్నర్‌లో ఉన్న అతని కోచ్ ఏంజెలో డండీ వాదన పెట్టుకోలేదు. కళ్లు కడిగి, తుడిచి, ఐదో రౌండులోకి తోశాడు. ఏడో రౌండు గంట కొట్టేసరికి స్టూలు మీంచి లేవనివాడు లిస్టన్. గెలుపు క్లేది.

అమ్మలారా, అయ్యలారా, బరువు దించే రోజుల్లో మీ పిల్లలు నీళ్లు కూడా గుక్కలు లెక్కపెట్టి తాగుతారు. కడుపు మాడుతుంటే మామూలు మాట కూడా గుచ్చుకుంటుంది. చదువు, ఉద్యోగం, ఈ ఆట మానడం... ఏ గొడవైనా ఉండనివ్వండి, అది అబద్ధమని నేననను. బౌట్ అయిన వారానికి కూర్చుని గట్టిగానే పోట్లాడుకోండి. పిల్లలూ, మీరు కూడా భయమేస్తోందని ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి. మీ ప్రగల్భాలు విని వాళ్లు మీకేమీ అక్కర్లేదనుకుంటున్నారు.

ఆ కుర్రాడి తండ్రి ఫైనల్‌కు వచ్చాడు. హాలు చివర స్తంభం పక్కన నిలబడి మూడు రౌండ్లూ చూసి, చెప్పకుండా వెళ్లిపోయాడు. రౌండుకూ రౌండుకూ మధ్య నేను నీళ్లు పడుతుంటే ఆ కుర్రాడి కళ్లు ముందు వరసలన్నీ వెతికాయి. మీరు వస్తే వెనక నిలబడకండి. ఇవాళ కూర్చున్నట్టే, ఇక్కడ, ముందు కూర్చోండి.