రొట్టె బాకీ

హోస్ట్: నమస్కారం. ఈసారి స్టూడియో లేదు. నెల్లూరులో మాస్టారి ఇంటి వరండాలో కూర్చున్నాం. వెనక వినపడే చప్పుడు ఫ్యాన్‌ది. ఆపితే చెమటకి మాట రాదు, కాస్త భరించండి. మాస్టారు ముప్పై ఏళ్ళకు పైగా హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. మాస్టారూ, నేరుగా అడిగేస్తున్నా. మనిషి దేవుణ్ణి ఎందుకు వెతుక్కుంటాడు?

మాస్టారు: అబ్బో. టీ అన్నా తాగనివ్వవా అమ్మాయ్?

హోస్ట్: తాగండి, తాగండి.

మాస్టారు: నువ్వడిగినంత పెద్ద ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు తల్లీ. ఇదే ఊళ్ళో స్వర్ణాల చెరువుంది, దాని గట్టున బారాషహీద్ దర్గా ఉంది. చిన్నప్పటి నుంచి అక్కడ చూసింది మాత్రం చెప్పగలను.

హోస్ట్: అదే చెప్పండి. రొట్టెల పండుగ పేరు కూడా విననివాళ్ళు ఉంటారు.

మాస్టారు: మొహర్రం నెలలో వస్తుంది. బారా అంటే పన్నెండు. పన్నెండుమంది షహీదుల, అంటే వీరమరణం పొందినవాళ్ళ సమాధులు, పక్కనే చెరువు. నీకొక కోరిక ఉందనుకో. తలమీద కొంగు కప్పుకుని నీళ్ళలోకి దిగుతావు. అదే కోరిక తీరిన మనిషి ఎవరా అని చూస్తావు. ఆ మనిషి చేతిలో రొట్టె ఉంటుంది. పుచ్చుకుని తింటావు. నీ కోరిక తీరిందా, మళ్ళీ పండక్కి నువ్వు రొట్టె చేసుకొచ్చి, ఆ కోరికతోనే నిలబడ్డ ఇంకొకరి చేతిలో పెట్టాలి. అంతే. మంత్రం లేదు, టికెట్ లేదు. నీ కులమేంటి, మతమేంటి అని ఆ నీళ్ళలో ఎవరూ అడగరు.

హోస్ట్: ఏ రొట్టె ఎక్కడ దొరుకుతుందో బోర్డులు పెడతారు కదా?

మాస్టారు: ఇప్పుడు పెడుతున్నారు. విద్య రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్ళి రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె, సొంతింటి రొట్టె. మా చిన్నప్పుడు బోర్డుల్లేవు, కేకలే. "సంతానం, సంతానం" అని ఒకావిడ, "పెళ్ళి, పెళ్ళి" అని ఇంకొకావిడ. సంతలో కూరగాయలమ్మినట్టుండేది. ఇప్పుడు వీసా కావాలనుకునేవాళ్ళకి విదేశీ రొట్టె కూడా వచ్చింది.

హోస్ట్: హైదరాబాద్ పక్కన చిలుకూరు బాలాజీకి వీసా దేవుడని పేరొచ్చినట్టు! అక్కడ కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108. లెక్క తప్పకుండా చేతిలో గళ్ళ కార్డు. ఒక్కో చుట్టుకీ ఒక్కో గడి కొట్టేసుకుంటూ పోవాలి. మా ఫ్రెండ్ ఒకతి వీసా వచ్చాక, ఇంకా సూట్‌కేసులు కూడా కొనకముందే, ఆఫీసుకి లీవు పెట్టి వెళ్ళి తిరిగొచ్చింది. మర్నాడు మెట్లు దిగలేకపోయింది పాపం. హుండీ కూడా ఉండదక్కడ, కాళ్ళతో తీర్చుకోవలసిందే.

మాస్టారు: చూశావా? అడగడానికి 11, తీరాక 108. అడగడం తేలిక. తిరిగొచ్చి మొక్కు చెల్లించడంలోనే ఉంది పనంతా.

హోస్ట్: కానీ మాస్టారూ, దీన్ని బేరం అనేవాళ్ళున్నారు. నువ్వు ఉద్యోగమివ్వు, నేను రొట్టె ఇస్తా. దేవుడితో వ్యాపారం.

మాస్టారు: ఆ మాటనేవాడు మా ఇంట్లోనే ఉన్నాడు. మా తమ్ముడు. పండుగ రోజుల్లో అటువైపు అడుగు కూడా పెట్టడు. అడిగేదేదో అల్లాను అడుగు, సమాధుల దగ్గర అడగడమేంటి అంటాడు. వాడి వాదన తీసిపారేసేది కాదు. నన్ను పిలవండి, పలుకుతాను అని అల్లా ఖురాన్‌లో చెప్పాడు. మనిషికి వాడి మెడనరం కన్నా దగ్గరగా ఉన్నానని కూడా చెప్పాడు. అంత దగ్గరున్నవాడితో మాట్లాడ్డానికి మధ్యలో ఇంకొకరెందుకు?

హోస్ట్: మరి మీరు?

మాస్టారు: (నవ్వు) నేను ఐదు పూటలా నమాజు చదువుతాను, పండక్కి చెరువుకీ వెళ్తాను. ఔలియాలు, అంటే అల్లాకి దగ్గరైన మహనీయులు, ఇచ్చేవాళ్ళు కారురా, మన తరఫున ఒక మాట వేసేవాళ్ళు అని మా నాన్న చెప్పేవాడు. ఆఫీసులో పనుంటే తెలిసినవాళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళమూ, అట్లా. ఆ పోలిక చెప్తేనే మా తమ్ముడికి మంట. "అల్లా దగ్గర కూడా రికమండేషనా?" అంటాడు. నలభై ఏళ్ళ గొడవ ఇది. బిర్యానీ దగ్గర మాత్రం రాజీ పడతాం.

హోస్ట్: బేరం అన్నారు కాబట్టి మా ఇంటి సంగతి ఒకటి చెప్తాను. మా తాతయ్య రోజూ గీత పారాయణ చేసేవాడు. ఏడో అధ్యాయంలో కృష్ణుడు, నన్ను భజించేవాళ్ళు నాలుగు రకాలు అంటాడు. ఆర్తుడు, జిజ్ఞాసువు, అర్థార్థి, జ్ఞాని. కష్టంలో ఉన్నవాడు, తెలుసుకోవాలనుకునేవాడు, ఏదో ఒకటి కావాలనుకునేవాడు, తెలిసినవాడు. మా అమ్మమ్మ ప్రతి గుడిలోనూ ఏదో ఒకటి కోరుకునేది. ఆవిణ్ణి ఆటపట్టించడానికి "అర్థార్థిగారూ, కాఫీ" అని పిలిచేవాడు. అలా విని విని, ఇవి మెట్లనుకున్నాను నేను. కింద అడుక్కునేవాళ్ళు, పైన జ్ఞాని. వీసా ప్రదక్షిణలంటే ఒకరకమైన చిన్నచూపు కూడా ఉండేది, ఒప్పుకోవాలి. పెద్దయ్యాక చదివితే, ఆ నాలుగు రకాలూ చెప్పిన శ్లోకానికి రెండు శ్లోకాల తర్వాత "ఉదారాః సర్వ ఏవైతే" అని ఉంది. వీళ్ళందరూ ఉదారులే అని. జ్ఞాని నాకు ఆత్మే అని ఆ వెంటనే అంటాడు, అది వేరే సంగతి. ముందు ఈ మాట అన్నాడు.

మాస్టారు: ఆగాగు. ఉదారుడంటే ఇచ్చేవాడు కదా? అడగడానికొచ్చినవాడు ఉదారుడెట్లా అవుతాడు?

హోస్ట్: నాకూ అక్కడే తట్టుకుంది. చాలామంది గొప్పవాళ్ళు, శ్రేష్ఠులు అని అర్థం చెప్పి దాటిపోతారు. రామానుజులు మాత్రం ఇచ్చేవాళ్ళు అనే పట్టుకున్నారు. నా దగ్గర ఏ కాస్త పుచ్చుకున్నా, వాళ్ళు నాకు సర్వస్వం ఇచ్చినవాళ్ళే అని దేవుడు అనుకుంటాడట.

మాస్టారు: పుచ్చుకునేవాడే ఇచ్చేవాడా! (కాసేపు మౌనం) అయితే చెరువులో రామానుజుల లెక్కే నడుస్తోందమ్మాయ్. నువ్వు చూడాలి, అక్కడ పుచ్చుకునేవాళ్ళ కన్నా ఇచ్చేవాళ్ళకే ఆత్రం ఎక్కువ. ఒకసారి ఒకతను సంతాన రొట్టె పట్టుకుని మోకాలిలోతు నీళ్ళలో తిరుగుతున్నాడు. చంకలో ఏడాది కూడా నిండని బిడ్డ. అది ఒకటే ఏడుపు. రొట్టె సగం తడిసిపోయింది. అడిగేవాళ్ళు లేక కాదు, ఇతను సంతానం కోరే ఆడవాళ్ళని అడగడానికి సిగ్గుపడుతున్నాడు. చివరికి ఒక పెద్దావిడ తన కోడలి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, "పెట్టయ్యా, దీని చేతిలో పెట్టు" అంది. పెట్టాడు. పెట్టి, ఆ అమ్మాయి ఇంకా నోట్లో వేసుకోకముందే ఇతను గట్టెక్కి, తల పట్టుకుని కూర్చుని ఏడ్చాడు. బిడ్డ మానేసింది, ఇతను మొదలుపెట్టాడు.

హోస్ట్: అయ్యో.

మాస్టారు: వాళ్ళు హిందువులో ముస్లిములో నేను అడగలేదు, నాకు తట్టనే లేదు.

హోస్ట్: క్రైస్తవుల వైపు నుంచి అడిగితే ఈ ప్రశ్నే తిరగబడుతుంది కదా మాస్టారూ? ఏసు చెప్పిన కథలో గొర్రె కాపరిని వెతకదు, కాపరే తప్పిపోయిన ఒక్క గొర్రె కోసం తొంభై తొమ్మిదింటినీ వదిలిపెట్టి పోతాడు.

మాస్టారు: మా స్కూల్లో లెక్కల టీచరమ్మ ఉండేది, ఒంగోలు బాప్టిస్టు కుటుంబం. స్టాఫ్ రూములో ఎవరో నోరుజారి, మీవాళ్ళు కరువులో అన్నం కోసం మారారటగా అన్నారు. ఆవిడ కోప్పడలేదు. చాక్‌పీసు పక్కన పెట్టి తేదీతో సహా చెప్పింది. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో ఒక ముక్క తవ్వే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించారు. కూలి ఇచ్చినన్నాళ్ళూ బాప్తిస్మం అడిగినా ఇవ్వలేదు, అన్నం కోసం వచ్చారన్న మాట పడకూడదని. పనులు అయిపోయాక, 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది. ఎక్కువమంది మాదిగలు.

హోస్ట్: ఒక్కరోజులో!

మాస్టారు: అది చెప్పి ఆవిడ ఇంకో మాటంది. "సార్, గుడి గడప తొక్కనివ్వని ఊళ్ళో మా ముత్తాత దేవుణ్ణి ఎక్కడని వెతుకుతాడు? ఎవరో వెతుక్కుంటూ మా పల్లెకి రావాలి గానీ." నేను క్లాసులో సంఘ సంస్కరణల పాఠం ఎన్నిసార్లు చెప్పానో. ఆ తర్వాత ఆ పాఠం పాతపద్ధతిలో చెప్పలేకపోయాను.

హోస్ట్: అసలు వెతకడమే దండగ అనేవాళ్ళని కూడా కలుపుకుందాం. విజయవాడలో గోరా గారి నాస్తిక కేంద్రం ఉంది. 1940లో ముదునూరులో మొదలై, తర్వాత విజయవాడకి వచ్చింది.

మాస్టారు: గోరా గారంటే నాకు గౌరవం. భార్య సరస్వతి గారు గర్భిణిగా ఉండి గ్రహణం చూశారు, బిడ్డకి ఏమీ కాదని జనానికి చూపించడానికి. ఆ రోజుల్లో ఎంత గుండె కావాలి! భయంతో దేవుణ్ణి పట్టుకోవడం మనిషికి చిన్నతనం అని వాళ్ళ లెక్క. భయం విషయంలో నేను వాళ్ళతో సగం ఒప్పుకుంటాను. భయపడి దణ్ణం పెట్టేవాడు భయం పోగానే మర్చిపోతాడు. చెరువుకి తిరిగొచ్చి రొట్టె ఇచ్చేవాడికి ఏం భయం? వాడి పని అయిపోయింది కదా. రాకపోతే అడిగేదెవరు?

హోస్ట్: అనుమానం నాస్తికుల సొత్తే కాదనుకోండి. పోతన గజేంద్రుడు ప్రాణం పోతున్న టైములో కూడా "కలడు కలండనెడివాడు కలడో లేడో" అనే అన్నాడు. పిలుస్తూనే అనుమానపడ్డాడు. మనకి పిల్లలప్పుడే ఆ పద్యం బట్టీపట్టించేస్తారు, అందులో ఏముందో మాత్రం చెప్పరు.

మాస్టారు: పద్యం వచ్చినా రాకపోయినా ఆ మాట అందరికీ తెలుసులే. ఇంకొకటి చెప్తా విను. 2020లో కరోనా వల్ల పండక్కి జనాన్ని రానివ్వలేదు. మా వీధిలో ఒకావిడ, కొడుక్కి ఉద్యోగం వచ్చింది, రొట్టె బాకీ ఉంది. నిద్రపోయేది కాదు. "భాయ్, వడ్డీ పెరుగుద్దా?" అని అడిగింది నన్ను. నవ్వులాటకి కాదు, నిజంగానే అడిగింది. వడ్డీ లేదమ్మా, మా మతంలో వడ్డీ హరాం అన్నాను. అప్పుడు నవ్వింది.

హోస్ట్: (నవ్వు) మంచి జవాబు. మాస్టారూ, కోరిక తీరనివాళ్ళ సంగతేంటి? వాళ్ళ గురించి ఎవరూ మాట్లాడరు.

మాస్టారు: తీరనివాళ్ళు మళ్ళీ అడగడానికి వస్తారు. కొందరు రారు. చెరువు దగ్గర నిలబడి చూసేవాడికి వచ్చినవాళ్ళే కనపడతారు, అదొక చిక్కు.

హోస్ట్: మా అమ్మమ్మ వచ్చింది. వాళ్ళది కావలి. తాతయ్యకి కిడ్నీలు పాడయినప్పుడు ఇక్కడికొచ్చి ఆరోగ్య రొట్టె తీసుకుంది. తాతయ్య సంక్రాంతి ముందు పోయాడు. మళ్ళీ మొహర్రానికి అమ్మమ్మ బస్సెక్కుతానంది. ఇంట్లో అందరూ ఆపారు. నేనే, అప్పుడు ఇంటర్ చదువుతున్నాను, కాస్త దురుసుగా అన్నాను, "తీరని కోరికకి ఏ రొట్టె ఇస్తావు అమ్మమ్మా?" అని.

మాస్టారు: ఏమంది?

హోస్ట్: "రొట్టెందుకే? అడిగొచ్చాను కదా, ఏమైందో పోయి చెప్పిరావద్దూ?" అంది. నేనే తోడొచ్చాను. నీళ్ళలోకి దిగలేదు. మెట్ల మీద కూర్చుని, కాసేపు పెదాలు కదిలించింది. తర్వాత పల్లీలు కొనిపెట్టమంది. అంతే, వచ్చేశాం.

మాస్టారు: (చాలాసేపు మౌనం) చెప్పడానికి వచ్చిందన్నమాట.

హోస్ట్: ఆ రోజే ఇంకొకటి జరిగింది, ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అమ్మమ్మ మెట్ల మీద ఉన్నప్పుడు నేను నీళ్ళలోకి దిగాను. ఎవరో ఒకావిడ "విద్య, విద్య" అంటుంటే చెయ్యి చాచాను. ఇంజనీరింగ్ సీటు వచ్చింది. తర్వాత ఉద్యోగం, హైదరాబాద్... ఇంతవరకు తిరిగి రాలేదు.

మాస్టారు: ఎన్నేళ్ళయింది?

హోస్ట్: పదమూడు.

మాస్టారు: పదమూడేళ్ళు బాకీ పెట్టుకుని, పొద్దున్నుంచీ నన్ను ప్రశ్నలడుగుతున్నావా! ఈసారి పండక్కి మా ఇంట్లోనే దిగు. దర్గాలో గంధోత్సవం జరిగే రాత్రి చూద్దువుగానీ.

హోస్ట్: వస్తాను. రొట్టెలు ఇంట్లో అమ్మగారు చేస్తారా?

మాస్టారు: చేస్తుంది, మాకోసం. నీ రొట్టె నువ్వే ఒత్తుకోవాలి. గోధుమపిండి మాత్రం ఇస్తాం.