గాజుమేడలో గెల వేసిన అరటి

అందరికీ నమస్కారం.

గ్రంథాలయం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "మేష్టారూ, ఇంగ్లండు వెళ్ళొచ్చారు కదా, అక్కడి రాజభవనం ఒకటి వర్ణించి చెప్పండి" అన్నారు. నేను చూసింది రాజభవనం కాదు. మన లెక్కలో ఒక పెద్ద జమీందారు గారి పల్లెటూరి ఇల్లు. పేరు చాట్స్‌వర్త్. డెర్బీషైర్‌లో డెర్వెంట్ నది పక్కన ఉంది. మా అమ్మాయి షెఫీల్డులో ఉంటుంది, అక్కణ్ణించి బస్సెక్కించి తీసుకెళ్ళింది. ఈ సభలో సగం మంది అరటి రైతులే కాబట్టి ఇంటి సంగతి తొందరగా ముగించి తోటలోకి వెళ్తాను. పైగా మీ జీ-నైన్ అరటి తోటకీ ఆ ఇంటికీ చుట్టరికం ఉంది.

కావెండిష్ కుటుంబం ఆ భూమిని 1549లో కొన్నది. ఇప్పుడు కనిపించే ఇంటిలో చాలా భాగం 1687 నుంచి 1707 వరకు కట్టింది. వాళ్ళకి డెవన్‌షైర్ డ్యూకులని బిరుదు. డెవన్‌షైర్ డ్యూకు డెర్బీషైర్‌లో ఎందుకున్నాడని నన్నడక్కండి. ఆ కుటుంబం ఇప్పటికీ అక్కడే ఉంటోంది, మనం టికెట్ కొనుక్కుని కొన్ని గదులు చూసి రావచ్చు. టికెట్ ధరని రూపాయల్లోకి మార్చి చూసుకున్నాను. మార్చకుండా ఉండాల్సింది.

గదుల్లో ఒక్కటే చెప్తాను. సంగీతం గదిలో ఒక తలుపు తీసి ఉంటుంది, దాని వెనక ఇంకో తలుపు, దానికి వేలాడుతూ వయొలిన్. తీగలూ, చెక్క మీద పడిన వెలుగూ, కింద నీడా అన్నీ కనిపిస్తాయి. తీరా చూస్తే అది బొమ్మ. మూడు వందల ఏళ్ళ కిందట వాన్ డెర్ వార్ట్ అనే చిత్రకారుడు వేశాడు. నేను అటు జరిగి, ఇటు జరిగి చూశాను. పక్కన నిలబడ్డ ఉద్యోగి నవ్వాడు, రోజూ నాలాంటి వాళ్ళని చూస్తుంటాడు కాబోలు.

ఇక తోట. 105 ఎకరాలు. మొదట కనబడేది కొండ వాలు మీదినుంచి దిగే నీటిమెట్లు. 1696లో మొదలుపెట్టి, తర్వాత పెంచి కట్టారు. 24 వరసలు, ఏ రెండు వరసలూ ఒక్కలా ఉండవు. ఒకచోట మెట్టు వెడల్పు, ఒకచోట ఇరుకు. అందుకే నీళ్ళ చప్పుడు కూడా మెట్టు మెట్టుకీ మారుతుంది. నేను వెళ్ళినప్పుడు పిల్లలు చెప్పులు విప్పి అందులో నడుస్తున్నారు. నేనూ ప్యాంటు మడిచాను. మా అమ్మాయికి సిగ్గేసింది. నీళ్ళు మాత్రం మంచు!

ఈ నీళ్ళకి మోటారు లేదు. పైన బీడుభూమిలో చెరువులు తవ్వారు, నీళ్ళు పల్లానికి దిగుతాయి, అంతే. ఇంటి ముందు కొలనులో ఒక ఫౌంటెన్ ఉంది, దాన్ని చక్రవర్తి ఫౌంటెన్ అంటారు. రష్యా చక్రవర్తి, అంటే జార్, నికొలాస్ వస్తాడని 1844లో హడావుడిగా కట్టారు, కొండమీద దానికోసమే ఒక చెరువు తవ్వారు. 90 మీటర్ల ఎత్తుకి చిమ్మినట్టు లెక్క ఉంది. డ్రిప్పు పెట్టుకున్నవాళ్ళకి ప్రెషర్ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు, ట్యాంకు ఎంత ఎత్తులో ఉంటే నీటికి అంత బలం. ఇంత చేస్తే జార్ గారు ఆ గడప తొక్కనే లేదు! నేను వెళ్ళిన రోజు గాలెక్కువని నీళ్ళు తగ్గించి వదిలారు. జార్‌కి పెట్టింది నాకూ పూర్తిగా దక్కలేదు.

ఈ ఫౌంటెన్ కట్టినవాడు తోటమాలి. జోసెఫ్ పాక్స్‌టన్, రైతు కొడుకు. 1826లో ఆరో డ్యూకు అతన్ని హెడ్ గార్డెనర్‌గా పెట్టుకునేనాటికి ఇంకా 23 నిండలేదు. ఉద్యోగంలో చేరిన రోజు తెల్లవారుజామున నాలుగున్నరకి వచ్చాడట. గేట్లు తీయలేదు. గోడ దూకి లోపలికెళ్ళి తోటంతా తిరిగి, ఆరింటికి కూలీలను పనిలో పెట్టి, నీళ్ళు వదిలించి చూసి, టిఫిన్ దగ్గర హౌస్‌కీపర్ మేనగోడలు సారాతో ప్రేమలో పడ్డాడు. ఇదంతా తొమ్మిది గంటల్లోపేనని తనే రాసుకున్నాడు. మరుసటి ఏడు ఆ అమ్మాయినే పెళ్ళి చేసుకున్నాడు.

డ్యూకుకీ పాక్స్‌టన్‌కీ మొక్కల పిచ్చి పట్టుకుంది. 1835లో జాన్ గిబ్సన్ అనే కుర్ర తోటమాలిని మన దేశానికి పంపారు. బర్మాలో పుట్టి కలకత్తా తోటలో పెరుగుతున్న ఆమ్‌హెర్‌స్టియా అనే ఎర్రపూల చెట్టు కావాలి వాళ్ళకి. అతను ఖాసీ కొండలెక్కి ఆర్కిడ్లు కూడా గాజుపెట్టెల్లో సర్దుకుని 1837లో తిరిగి చేరాడు. ఆర్కిడ్లతో పేరొచ్చింది గానీ, అంత దూరం వెళ్ళి తెచ్చిన చెట్టు చాట్స్‌వర్త్‌లో పూయలేదు. ఇంగ్లండులో అది మొదట పూసింది లండన్ దగ్గర లారెన్స్ అనే ఆవిడ తోటలో. మొక్కలకి డ్యూకు ఎవరో, కానివాడెవరో ఏం తెలుసు!

ఆ చలిలో ఉష్ణదేశపు మొక్కలు బతకాలంటే గాజిల్లు కావాలి. 1836లో మొదలుపెట్టి 1841 కల్లా పాక్స్‌టన్ ఒకటి కట్టాడు. పొడవు 277 అడుగులు, ఎత్తు 67. విక్టోరియా రాణి 1843లో వచ్చినప్పుడు లోపల దీపాలు పెట్టి, గుర్రబ్బండిలో నడిమి దారిన తిప్పారు. నన్ను ఆకట్టుకున్నది మాత్రం కింద ఉన్న ఏర్పాటు. ఎనిమిది బాయిలర్లు, మైళ్ళ కొద్దీ వేడినీళ్ళ గొట్టాలు, వాటికి బొగ్గు చేరవేయడానికి భూమి లోపల సొరంగం, అందులో పట్టాలు. పూల మధ్య షికారు చేసేవాళ్ళకి బొగ్గు కనపడకూడదు, మోసేవాడూ కనపడకూడదు. అసలు ఆ డ్యూకుకి కంటికి అడ్డం ఏదీ నచ్చదు. ఎడెన్సర్ అనే ఊరు ఇంట్లోంచి కనిపిస్తోందని దాన్ని కూలగొట్టించి గుట్ట అవతల కొత్తగా కట్టించాడు. కొత్త ఇళ్ళు బాగున్నాయి, కాదనను. మన దగ్గర డ్యాముల కింద ఊళ్ళు మునిగాయి. అక్కడ వ్యూ కోసం ఊరు కదిలింది.

ఇప్పుడు చుట్టరికం. మారిషస్ నుంచి ఇంగ్లండు చేరిన ఒక పొట్టి అరటి పిలక పాక్స్‌టన్ చేతికొచ్చింది. పుట్టిల్లు చైనా వైపు. బాగా నీరూ ఎరువూ పెట్టి పెంచితే 1835 నవంబరులో పువ్వేసింది, మే నెలకి గెలకి వంద పైగా కాయలు. ప్రదర్శనలో మెడల్ కూడా వచ్చింది. యజమాని ఇంటిపేరు మీద మూసా కావెండిషీ అని పేరు పెట్టారు. పెంచుకుంటూ వచ్చింది అక్కడెక్కడో చైనా రైతు, గెల వేయించింది తోటమాలి, పేరు దొరగారిది. తర్వాత జాన్ విలియమ్స్ అనే మిషనరీ ఆ పిలకల్ని సమోవా దీవులకు పట్టుకెళ్ళాడు. వందేళ్ళ తర్వాత, ఎగుమతి అరటిగా వెలిగిన గ్రోస్ మిషెల్ రకాన్ని పనామా తెగులు తుడిచిపెట్టేస్తే, ఆ తెగులు తట్టుకున్న కావెండిష్ రకాలు ఆ చోటు తీసుకున్నాయి.

మనం జీ-నైన్ అంటున్నది అందులో ఒకటే. తొమ్మిదో నంబరు కాదండీ, గ్రాండ్ నైన్. ఫ్రెంచిలో పెద్ద పొట్టివాడని అర్థం! మీ చేలో పిలక చాట్స్‌వర్త్ నుంచే వచ్చిందని నేననను, ఆధారం లేదు. ఇంటిపేరు మాత్రం అక్కడిది.

ఆ గాజిల్లు ఇప్పుడు లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో బొగ్గు దొరక్క పొయ్యిలు ఆరాయి, మొక్కలు చచ్చిపోయాయి. 1920లో ఆ గాజింటిని పేల్చేయబోతే ఒక్క దెబ్బకి కూలలేదట, మందుగుండు మళ్ళీ మళ్ళీ పెట్టాల్సొచ్చింది. పునాది గోడలు మిగిలాయి. మధ్యలో ఇప్పుడు దట్టమైన కంచెచెట్లతో దారి తెలియని చిక్కుతోవ పెంచారు. నేను అందులోకి వెళ్ళి తప్పిపోయాను. మా అమ్మాయి బయటనుంచి "నాన్నా, కుడివైపు, కుడివైపు" అని తెలుగులో అరుస్తుంటే ఎలాగో బయటపడ్డాను. ఆ టెన్షన్‌లో బస్సు పోయింది.

తర్వాతి బస్సు కోసం కూర్చుంటే అమ్మాయి బ్యాగులోంచి రెండు అరటిపళ్ళు తీసింది. షెఫీల్డు సూపర్‌మార్కెట్‌లో కొన్నవి. కొలంబియా అని చిన్న స్టిక్కరు. అంత తియ్యగా ఏం లేవు.