రంగు చూసి జాతి చెప్పకండి

[తెర మీద: పక్కపక్కన రెండు సీతాకోకచిలుకలు. నల్ల రెక్కలు, ముందు రెక్క మీద ఎర్ర పట్టీ, వెనుక రెక్క మీద పసుపు గీత.]

ఈ రెండూ ఒకే జాతి అనుకుంటున్నారా? కావు. ఒకటి హెలికోనియస్ ఎరాటో, రెండోది హెలికోనియస్ మెల్పొమెనె. ఒకే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) అయినా అందులో వేర్వేరు కొమ్మలు.

[తెర మీద: మరో రెండు. ఒకదానికి ఎర్ర పట్టీ, ఇంకొకదానికి వెనుక రెక్క నిండా నారింజ కిరణాలు.]

ఇవి? వేర్వేరు అంటారు. రెండూ ఎరాటోనే. ఊళ్లు వేరు, అంతే.

ఫోటో చూపించగానే రంగును బట్టి పేరు చెప్పేసే మనిషి ప్రతి ఇంట్లో ఒకరుంటారు. మా ఇంట్లో చాలాకాలం ఆ మనిషిని నేనే. అందుకే ఈ అలవాటు మీద నాకు ఇంత కోపం.

ఖాకీ చొక్కా సంగతి చెబుతాను, వినండి. హెల్మెట్ లేకుండా బండి మీద వెళ్తున్నారు. మలుపులో ఖాకీ చొక్కా కనిపించింది. గుండె గుభేల్‌మంది, బండి వెనక్కి తిప్పేశారు. తీరా ఆయన పోలీసు కాదు, ఆటో దిగి టీ తాగుతున్న డ్రైవరు. చొక్కాను చూసి శాఖను ఊహించుకున్నారు. అమెజాన్ అడవిలో పక్షి కూడా ఇదే పొరపాటు చేస్తుంది.

ఈ సంగతి పట్టుకున్నది హెన్రీ వాల్టర్ బేట్స్. ప్రకృతి శాస్త్రవేత్త, ఇంగ్లండులోని లెస్టర్ ఊరివాడు. 1848లో తోటి ప్రకృతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్‌తో కలిసి, జీవులను సేకరించడానికి అమెజాన్ ముఖద్వారం చేరాడు. వాలెస్ 1852లో తిరుగు ప్రయాణం కట్టాడు. దారిలో నౌక తగలబడి, వెంట తెచ్చుకున్న సేకరణ అంతా పోయింది. (ఈ మంటను గుర్తుంచుకోండి.) బేట్స్ పదకొండేళ్లు అక్కడే ఉన్నాడు. ఇంగ్లండుకు పంపిన వాటిలో 14,712 జాతులు, ఎక్కువ భాగం కీటకాలే. సుమారు 8,000 అప్పటిదాకా శాస్త్రానికి తెలియనివి.

వాటిని వరుసల్లో పేరుస్తుంటే ఒక తిరకాసు కనిపించింది. మన తోటల్లో ఎగిరే తెల్ల, పసుపు సీతాకోకచిలుకల కుటుంబానికి చెందిన డిస్మార్ఫియా అక్కడ తెల్లగా లేదు. ఇథోమియా బృందపు సీతాకోకచిలుకల్లా నారింజ, నలుపు చారలు వేసుకుంది. ఇథోమియా బృందం మొక్కల నుంచి చేదు రసాయనాలు కూడబెట్టుకుంటుంది కాబట్టి పక్షులు దాని జోలికి వెళ్లవు. డిస్మార్ఫియాకు ఆ చేదు లేదు. అంటే డిస్మార్ఫియా ఆటో డ్రైవరు, ఇథోమియా పోలీసు, పక్షి హెల్మెట్ లేని మీరు.

బేట్స్‌కు తెగని ముడి ఒకటి మిగిలింది. చేదుగా ఉన్న రెండు జాతులు కూడా ఒకదానిలా ఒకటి ఎందుకున్నాయి? రెండూ పోలీసులే అయితే నటన దేనికి? జవాబు చెప్పింది బ్రెజిల్‌లోని బ్లుమెనావ్‌లో స్థిరపడిన ప్రకృతి శాస్త్రవేత్త ఫ్రిట్జ్ ముల్లర్, 1878లో. పోలీసులూ ఖాకీయే, అటవీ శాఖా ఖాకీయే అనుకోండి. ఒకరి దగ్గర జరిమానా కట్టినవాడు రెండోవాళ్లనూ దూరం నుంచే తప్పించుకుంటాడు. పాఠం నేర్చుకోవడానికి పక్షి కొన్నిటిని కొరకక తప్పదు. ఆ నష్టాన్ని రెండు జాతులూ పంచుకుంటాయి. ఎరాటో, మెల్పొమెనెల కథ ఇదే. సైనైడ్ పుట్టించే రసాయనాలు రెండింటి ఒంట్లోనూ ఉంటాయి.

ఖాకీని ఇంకొంచెం లాగుతాను, చిరగదులెండి. కోల్‌కతాలో పోలీసులు తెల్లబట్టలు వేసుకుంటారు. అంతమాత్రాన శాఖ మారిందా? ఎరాటోకు ఇలా ఇరవైకి పైగా ప్రాంతీయ దుస్తులున్నాయి. అసలు విచిత్రం ఇక్కడుంది: చాలా చోట్ల ఎరాటో దుస్తులు మార్చిందంటే మెల్పొమెనె కూడా మార్చేసింది. ఒక జిల్లాలో పోలీసులు తెలుపులోకి వెళ్లగానే అటవీ శాఖ కూడా తెలుపు కుట్టించుకున్నట్టు!

టైలరు ఎవరో 2011లో తేలింది. ఎరుపు ఎక్కడ పడాలో నిర్ణయించేది ఆప్టిక్స్ అనే జన్యువు, రెండు జాతుల్లోనూ అదే. 2012లో మెల్పొమెనె జన్యుపటం చదివినప్పుడు ఇంకో సంగతి బయటపడింది. దాని దగ్గరి చుట్టాలైన టిమరేటా, ఎలెవేటస్‌లతో రెక్కల రంగుల జన్యువులు చేతులు మారాయి. అప్పుడప్పుడు జాతులు కలిసిన ఫలితం అది. కొలతల కాగితాన్ని పక్క శాఖవాళ్లు అరువు తీసుకున్నారన్నమాట. ఇక ఒకే అడవిలో నాలుగైదు రకాల దుస్తులు వేసే నుమాటా అని ఒకటుంది. దాని జోలికి ఈ రోజు వెళ్లను, సమయం లేదు.

మిగిలింది గబగబా చెప్పేస్తాను. చొక్కా నమ్మలేనప్పుడు రిజిస్టరు చూడాలి. ఏ పేరు ఏ జీవిదో తేల్చే రిజిస్టరు మ్యూజియం సొరుగుల్లో గుచ్చిపెట్టిన అసలు నమూనాలే. 2018 సెప్టెంబరు 2న రియో డి జనీరోలోని జాతీయ మ్యూజియం తగలబడింది. సుమారు 50 లక్షల కీటక నమూనాలు పోయాయి. వాలెస్ నౌక సముద్రం మధ్యలో కాలింది, అది ఖర్మ అనుకోవచ్చు. ఇది మహానగరం నడిబొడ్డున ఉన్న రెండు వందల ఏళ్ల మ్యూజియం. దీన్ని ఖర్మ అనడానికి నాకు నోరు రాదు.

[తెర మీద: హెలికోనియస్ నాటెరెరి, మగ, ఆడ.]

చివరిగా ఇది. బ్రెజిల్ అట్లాంటిక్ అడవిలో, బహియా, ఎస్పిరితో శాంతో ప్రాంతాల్లో మాత్రమే ఉంటుంది. మగది పసుపు, నలుపు. ఆడది పులిచారలు. రంగును బట్టి లెక్కేస్తే రెండు జాతులని రాసుకుంటాం, ఉన్న కొద్దిపాటి సంఖ్యను కూడా తప్పుగా పంచేస్తాం. ఆ అడవిలో మిగిలింది సుమారు 12 శాతం. దీని గొంగళిపురుగులు తినేది మన ఇళ్ల ముందు పాకే రాఖీ పూల తీగ కుటుంబపు తీగలనే. అడవి నరికితే తీగ పోతుంది, తీగతో పాటు ఇది కూడా. ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో బ్రెజిల్ దీన్ని చేర్చింది.

అన్నట్టు, మొదట చూపించిన జంటలో ఎడమది ఎరాటో, కుడిది మెల్పొమెనె. వీడియో కూర్చేటప్పుడు ఆ రెండు ఫోటోలను నేనే తారుమారు చేశాను. రెక్కల అడుగువైపు చుక్కలు చూసి మళ్లీ సరిచేశాను.