ఫోనులోకి రాని బల్ల

శ్రోతలకు నమస్కారం.

2020 మార్చి 22, ఆదివారం, జనతా కర్ఫ్యూ రోజు. పల్నాడులోని మా ఊరి లూథరన్ చర్చిలో ఆ పొద్దున మొదటి గంట కొట్టలేదు, రెండో గంటా కొట్టలేదు. లూథరన్ అంటే పదహారో శతాబ్దపు జర్మన్ సంస్కర్త మార్టిన్ లూథర్ బాటలో నడిచే ప్రొటెస్టెంట్ సంఘం. తుఫాను రోజున పదిమందే వచ్చినా గంట మోగిన చర్చి అది. సాయంత్రం ఐదింటికి మాత్రం ఊరు ఊరంతా పళ్ళేలు మోగించింది. అరుగు మీద కూర్చున్న మా పెద్దమ్మ, "గుడి గంట వద్దన్నారు, పళ్ళేలు కొట్టమన్నారు. ఏం రోగంరా ఇది?" అంది. ఆమెకు అప్పటికి డెబ్బై ఆరేళ్ళు.

మూడు రోజులకు దేశమంతా లాక్‌డౌన్. ఏప్రిల్ 5న మట్టలాదివారం, 10న మంచి శుక్రవారం, 12న ఈస్టరు. మాకు ఏడాదిలో అన్నిటికన్నా పెద్ద వారం ఇళ్ళలోనే గడిచిపోయింది. ఈస్టరు తెల్లవారుజామున సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించడం మా వైపు ఆచారం. ఆ ఏడు అక్కడ చీకటే.

మా అయ్యగారు (పాస్టరుగారిని మేం అలాగే పిలుస్తాం) మొదట వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టారు. తర్వాత లైవ్ మొదలుపెట్టారు. స్మార్ట్‌ఫోన్ అన్ని ఇళ్ళలో లేదు కాబట్టి ఒక ఫోను చుట్టూ మూడిళ్ళవాళ్ళు చేరేవారు. దూరం పాటించడానికి పెట్టుకున్న ఆరాధనలో భుజాలు రాసుకుంటూ కూర్చోవడం అన్నమాట!

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. లూథరన్ ఆరాధన ఒకరు చెబుతుంటే మిగతావాళ్ళు వింటూ కూర్చునేది కాదు. దానికో క్రమం ఉంది. పాప ఒప్పుకోలు అందరూ కలిసి చెప్పాలి. అయ్యగారు "ప్రభువు మీకు తోడై యుండును గాక" అంటే, సంఘం "మీ ఆత్మకును తోడై యుండును గాక" అని బదులివ్వాలి. ఫోనులో ఆ బదులు ఎప్పుడూ వేళకు అందదు. ప్రభువు ప్రార్థన మొదలుపెడితే ఒకింటివాళ్ళు అనుదినాహారం దగ్గరుంటారు, ఇంకో ఇంట్లో అప్పటికే ఆమేన్ అయిపోతుంది. రెండు వారాలు చూసి అయ్యగారు అందరినీ మ్యూట్‌లో పెట్టారు. పెద్దమ్మకు మ్యూట్ అంటే ఏమిటో తెలియదు. ఆమె ప్రతివారం ఆ ఫోనుకు గట్టిగా బదులు చెబుతూనే ఉంది.

మాట ఎలాగో ఫోనులో వచ్చింది. బల్ల రాలేదు.

బల్ల అంటే ప్రభు భోజనం, రొట్టె, ద్రాక్షారసం. మా సంఘంలో నెలకోసారి, మొదటి ఆదివారం ఇస్తారు. దీని మీద లూథరన్లకు ఉన్న పట్టుదల ఈనాటిది కాదు. 1529లో జర్మనీలోని మార్బుర్గ్‌లో స్విస్ సంస్కర్త జ్వింగ్లీతో వాదనకు కూర్చున్నప్పుడు, మార్టిన్ లూథర్ సుద్దముక్కతో ఎదుటి మేజా మీద "ఇది నా శరీరము" అని రాసి, ఆ మాట మీదనుంచి కదలలేదని చెబుతారు. రొట్టె వట్టి గుర్తు కాదు, క్రీస్తు అందులో నిజంగా ఉన్నాడని ఆయన పట్టు. మరుసటి ఏడు ఆగ్స్‌బర్గ్‌లో చక్రవర్తి ఎదుట చదివిన విశ్వాస ప్రకటనలో, ఏడో అధికరణం సంఘమంటే ఏమిటో చెబుతుంది. సువార్త సరిగా బోధించి, సంస్కారాలు (బాప్తిస్మం, ప్రభు భోజనం) సరిగా ఇచ్చే విశ్వాసుల కూడికే సంఘం. మరి కూడిక కుదరదని ప్రభుత్వమే అంటే, ఆ నిర్వచనంలో ఏం మిగులుతుంది? 2020లో అమెరికా నుంచి జర్మనీ దాకా లూథరన్ పాస్టర్లు తలలు పట్టుకున్నది ఈ ప్రశ్న దగ్గరే.

కొందరు తేలిక దారి చూశారు. ఎవరింట్లో వాళ్ళు రొట్టె ముక్క, ద్రాక్షరసం పెట్టుకోండి, పాస్టరుగారు స్క్రీన్ మీద మాటలు పలుకుతారు, అక్కడ మీరు తీసుకోండి అన్నారు. అమెరికాలోని ఎవాంజెలికల్ లూథరన్ చర్చి అప్పటి అధ్యక్ష బిషప్ ఎలిజబెత్ ఈటన్ ఆ మార్చిలోనే అలా చేయవద్దని సలహా ఇచ్చారు. వాక్య ఆరాధనతో సరిపెట్టుకుందాం, బల్ల దగ్గరికి తిరిగి వచ్చే రోజు కోసం ప్రార్థన చేద్దాం అన్నారు. అక్కడి ఇంకో లూథరన్ సంఘం మిస్సోరీ సినడ్ చాలా విషయాల్లో వీళ్ళతో విభేదిస్తుంది, ఇందులో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. అయినా కొన్ని సంఘాలు వినకుండా ఆన్‌లైన్‌లోనే ఇచ్చాయి.

నా మటుకు నేను ఆగడమే సరైందనుకున్నాను. ఆకలిని ఆకలిగానే ఉంచడం మంచిది. కానీ ఆగమని చెప్పేవాడికి నలభై ఏళ్ళు, ఆగాల్సినామెకు డెబ్బై ఆరు అయితే ఆ మాట అంత సులువుగా నోట రాదు.

ఈ చిక్కులు మనకు కొత్త గానీ లూథర్‌కు కొత్త కాదు. 1527 ఆగస్టులో ఆయన ఉండే విట్టెన్‌బర్గ్‌కు ప్లేగు వచ్చింది. అక్కడి విశ్వవిద్యాలయాన్ని యేనా పట్టణానికి తరలించారు. లూథర్‌నూ వెళ్ళమని ఆ ప్రాంత పాలకుడు ఎలెక్టర్ యోహాన్ చెప్పాడు. ఆయన వెళ్ళలేదు. సహచరుడు బూగెన్‌హాగెన్‌తో కలిసి ఊళ్ళోనే ఉండిపోయాడు. ఒకప్పటి మఠమైన ఆయన ఇల్లు రోగులతో నిండి ఆసుపత్రిలా అయింది. భార్య కాథరీనా నిండు గర్భిణి. ఏడాది దాటిన కొడుకు హాన్స్‌కూ జబ్బు చేసింది. డిసెంబరులో పుట్టిన ఎలిజబెత్ ఎనిమిది నెలలకే పోయింది.

ఆ రోజుల్లోనే బ్రెస్లౌ పాస్టరు యోహాన్ హెస్ ఆయన్ని ఒక ప్రశ్న అడిగాడు. ప్లేగు వస్తే క్రైస్తవుడు పారిపోవచ్చా? జవాబుగా లూథర్ ఒక బహిరంగ లేఖ రాశాడు. పారిపోవడం పాపమని గానీ, ఉండిపోవడమే భక్తి అని గానీ అందులో ఉండదు. నీ మీద ఎవరు ఆధారపడి ఉన్నారు అని అడుగుతాడు. పాస్టరు, ఊరి పెద్ద, న్యాయాధికారి, పనివాళ్ళు ఉన్న యజమాని, పిల్లలున్న తల్లిదండ్రులు ఉండాలి. చూసుకునేవాళ్ళు వేరే ఉంటే మిగతావాళ్ళు వెళ్ళొచ్చు, అందులో తప్పు లేదు అంటాడు.

మందు వద్దనేవాళ్ళను మాత్రం ఆయన వదల్లేదు. దేవుడు కాపాడతాడని మందు మానేసేవాడు దేవుణ్ణి పరీక్షిస్తున్నాడు అన్నాడు. తను పొగ వేస్తాడట, మందు ఇస్తాడు, తనూ వేసుకుంటాడు. తన అవసరం లేని చోటికి వెళ్ళడు, తనవల్ల ఇంకొకరికి అంటకూడదు కదా. పొరుగువాడికి తన అవసరం ఉంటే మాత్రం వెళ్ళి తీరతాడు. 2020లో లూథరన్ పాస్టర్లు ఈ భాగాన్ని ఎన్ని వాట్సాప్ గ్రూపుల్లో పంపించారో లెక్కలేదు. నాకే వేర్వేరు చోట్ల నుంచి నాలుగుసార్లు వచ్చింది.

అదే లేఖలో ఇంకో మాట ఉంది, దాన్ని అంతగా ఎవరూ పంచుకోలేదు. జబ్బు పడితే పాస్టరును ముందే పిలవండి అంటాడు. స్పృహ పోయాక, మాట పడిపోయాక పిలిస్తే ఆయన ఏం చేయగలడు? ఒప్పుకోలు, బల్ల తెలివి ఉండగానే తీసుకోవాలి. ఐదువందల ఏళ్ళ తర్వాత మాకు వచ్చిన కష్టం దీనికి తలకిందులు. పిలిచారు, తెలివి ఉండగానే పిలిచారు. వార్డులోకి పాస్టరును రానివ్వలేదు, అంతే. 2021 మే నెలలో మా బంధువొకాయన అలాగే వెళ్ళిపోయాడు. నర్సమ్మ ఫోను ఆయన చెవి దగ్గర పెడితే, అయ్యగారు ఇరవై మూడో కీర్తన చదివారు. ఆయన విన్నాడో లేదో ఎవరూ చెప్పలేరు. భూస్థాపనకు ఇరవైమందే రావాలన్నది రూలు. మేం పదకొండు మందిమే అయ్యాం.

మందూ ప్రార్థనా ఒకే గుమ్మం నుంచి రావడం తెలుగు లూథరన్లకు అలవాటే. 1842 జూలై 31న గుంటూరు చేరిన మిషనరీ ఫాదర్ హయ్యర్ మధ్యలో అమెరికా వెళ్ళి, యాభై దాటిన వయసులో వైద్యం చదువుకుని 1848లో తిరిగి వచ్చారు. 1883లో వచ్చిన మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ కట్టించిన ఆసుపత్రి 1898లో గుంటూరులో తెరిచారు. ఇంత చరిత్ర ఉన్న సంఘంలో కూడా "విశ్వాసం ఉన్నవాడికి మాస్కెందుకు" అన్న మాట నా చెవిన పడింది. చిన్నప్పుడు కుగ్లర్ ఆసుపత్రి సీసాలో మందు తాగి బతికిన పెద్దమ్మే ఆ మాటన్నవాణ్ణి కూర్చోబెట్టి కడిగేసింది.

2020 జూన్ 8 నుంచి కంటైన్‌మెంట్ జోన్లు తప్ప మిగతాచోట్ల ప్రార్థనాలయాలు తెరవచ్చన్నారు, బోలెడన్ని షరతులతో. గాయకబృందాలు పాడకూడదు, రికార్డు పాట పెట్టుకోవచ్చు. పాట లేని లూథరన్ చర్చి తిరగమోత లేని పప్పు లాంటిది గానీ, కారణం ఉంది. ఆ ఏడు మార్చిలో అమెరికాలో ఒక గాయకబృందం రిహార్సల్‌కు 61 మంది వస్తే 53 మందికి జబ్బు సోకినట్టు పరీక్షల్లోనో లక్షణాలను బట్టో తేలింది, ఇద్దరు పోయారు. అరవై ఐదు దాటినవాళ్ళు ఇంట్లోనే ఉండాలని ఇంకో సూచన. అంటే చర్చి తెరిచినా పెద్దమ్మకు మూసినట్టే.

చందాలు పడిపోయాయి. ఆదివారం కానుక సంచి తిరగకపోతే ఊరి పాస్టరు ఇంట్లో పొయ్యి వెలగడం కష్టం, ఈ సంగతి పైకి చెప్పుకోరు. మా స్త్రీల సమాజంవాళ్ళు వంటకు బియ్యం కొలిచేటప్పుడల్లా ఒక గుప్పెడు విడిగా తీసిపెడతారు, పాత అలవాటు. ఆ డబ్బాలన్నీ ఒకచోట పోస్తే మూడు బస్తాలయ్యాయి. ఒక బస్తా అయ్యగారింటికి పోయింది. రెండు బస్తాలు కూలి పనులు ఆగిపోయిన ఇళ్ళకు, ఎవరు ఏ గుడికి వెళతారని అడక్కుండా.

ఆ ఏడు డిసెంబరు మొదటివారంలో అయ్యగారు చిన్న పెట్టె పట్టుకుని మా పెద్దమ్మ ఇంటికి వచ్చారు. వరండాలో రెండు కుర్చీలు దూరదూరంగా వేశాం. ఆమె ఉతికిన తెల్లచీర కట్టుకుంది. "ఎనిమిది బల్లలు పోయినయ్ అయ్యగారూ" అంది. ఏప్రిల్ నుంచి లెక్క పెట్టుకుందన్నమాట. ఆయన తలొంచుకుని చేతులకు శానిటైజర్ రాసుకున్నారు. క్రమం పుస్తకం తెరిచి "ప్రభువు మీకు" అన్నారో లేదో, ఆమె "మీ ఆత్మకును తోడై యుండును గాక" అని గట్టిగా అనేసింది. ఫోను ఎక్కడ కట్ అవుతుందోనని ఎనిమిది నెలలుగా పడిన తొందర ఇంకా పోలేదు. అయ్యగారు నవ్వి, మళ్ళీ మొదటినుంచి చదివారు.