డెవిల్స్ లేక్ స్టేట్ పార్క్‌కి కుక్కతో వెళ్తే: మా బూరె గాడి రివ్యూ

అందరికీ నమస్తే అండి. వెనకాల గుర్రుమని వినిపిస్తోంది కదా, అది మైక్ ప్రాబ్లమ్ కాదు, మా బూరె గాడి గురక. నిన్న తెల్లారగట్ల లేపి కార్లో పడేసి విస్కాన్సిన్ తీసుకెళ్ళాం. ఇప్పుడు మధ్యాహ్నం రెండయింది, అన్నం గిన్నె చప్పుడు చేసినా ఒక కన్ను తెరిచి మళ్ళీ మూసేశాడు. కాబట్టి ఈ రివ్యూ వాడి తరఫున నేనే చెప్పాలి.

కొత్తగా చూస్తున్నవాళ్ళకి: మేముండేది షికాగో సబర్బ్స్‌లో, అరోరా బాలాజీ గుడికి దగ్గర్లో. బూరె షెల్టర్ నుంచి తెచ్చుకున్న ల్యాబ్రడార్ మిక్స్, 60 పౌండ్లు. వాడికి ఆ పేరు పెట్టింది తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ. "ఏంటే ఇది, నూనెలోంచి తీసిన బూరెలా ఉంది" అంది, అదే ఖాయమైంది. కుక్క వంటింట్లోకి రాకూడదని మొదటిరోజే గడప దగ్గర చాక్‌పీసుతో గీత గీసింది మా అమ్మ. ఇప్పుడు ఆ గీత దగ్గర కూర్చుని వాడికి పెరుగన్నం పెట్టేదీ ఆవిడే.

పార్క్ పేరు చెప్పగానే "దయ్యం చెరువుకా? నేను రాను" అంది. పాపం ఆ నీళ్ళ తప్పేం లేదండి. అక్కడి హోచంక్ ప్రజలు ఆ సరస్సుని పవిత్రమైనదిగా, ఆత్మలుండే చోటుగా చూసేవాళ్ళు. తర్వాత వచ్చినవాళ్ళు ఆ మాటని ఇంగ్లీషులోకి తిప్పుతూ దేవుణ్ణి కాస్తా దయ్యాన్ని చేశారు. ఇది చెప్పాక "అయితే పుష్కరిణి అన్నమాట" అని మా అమ్మ చెప్పులేసుకుంది.

మా ఇంటి నుంచి దాదాపు మూడు గంటలు. మ్యాడిసన్ దాటాక బారాబూ అనే ఊరు పక్కనే ఉంటుంది. 1911లో మొదలైన పార్క్, 9 వేల ఎకరాల పైనే. మధ్యలో 360 ఎకరాల చెరువు, చుట్టూ మూడువైపులా గుట్టలు, నీళ్ళ మీంచి 500 అడుగుల ఎత్తున. రాయి క్వార్ట్జైట్, వయసు 160 కోట్ల ఏళ్ళ పైమాటే. రంగేమో ఉతికి ఉతికి వెలిసిన వంకాయ రంగు చీరలా ఉంటుంది. మంచుయుగంలో హిమానీనదం వచ్చి ఈ గుట్టల మధ్య లోయకి రెండు చివర్లా మట్టీ రాళ్ళూ పోసి వెళ్ళిపోయింది. మన దగ్గర చెరువుకి కట్ట వేస్తారు చూడండి, అలా. కాకపోతే ఇక్కడ రెండు కట్టలూ మంచే వేసింది.

ఎంట్రీ ఫీజు బండికి, మనిషికి కాదు. ఇల్లినాయ్ నంబర్ ప్లేట్ కాబట్టి మాకు కాస్త ఎక్కువ పడింది. కుక్కకి టికెట్ లేదు. మేం వెళ్ళింది సెప్టెంబర్ మొదట్లో వచ్చే లేబర్ డే సెలవు అయిన తర్వాత ఒక మంగళవారం, అందుకే పార్కింగ్ దొరికింది. వేసవి శనివారాలు, అక్టోబర్లో ఆకులు రంగు మారే వారాంతాలు మాత్రం పొద్దున్నే చేరకపోతే కార్లోనే కూర్చుని చెరువు చూడాలి. కుక్కని కార్లో ఉంచి "ఐదు నిమిషాల్లో వస్తా" అనే ప్లాన్ అసలు పెట్టుకోకండి. ఎండలో కారు లోపల ఎంత తొందరగా కాలిపోతుందో మీకు తెలుసు, వాడికేమో బొచ్చు కోటు.

ఇప్పుడు అసలు విషయం. యూట్యూబ్‌లో ఈ పార్క్ మీద ఏ వీడియో తెరిచినా గుట్ట మీద రాతి అంచున నిలబడి చేతులు చాపిన ఫోటోయే ఉంటుంది. నేనూ దానికే పడిపోయాను. బూరె గాడితో అక్కడ నిలబడి థంబ్‌నెయిల్ తీసుకోవాలని నా ఆశ. అందుకే దక్షిణ ఒడ్డు నుంచి బ్యాలెన్స్‌డ్ రాక్ ట్రెయిల్ పట్టుకున్నాం. మ్యాప్‌లో అర మైలు కూడా లేదు. ఇంతేకదా అనుకున్నాం.

ఆ అర మైలూ నిలువునా ఉంటుందండి! మెట్లంటే మెట్లు కావు, పెద్ద పెద్ద రాళ్ళు ఒకదాని మీద ఒకటి. ఒకటి మోకాలెత్తు, ఇంకోటి తొడెత్తు. లక్షల మంది కాళ్ళు పడీ పడీ ఆ రాయి అరిగి, మన గుడి గడపల్లా నున్నగా మెరుస్తోంది. ఎక్కడం బూరె బానే ఎక్కాడు. ముందు కాళ్ళు వేసి, వెనక కాళ్ళతో ఒక్క తోపు, మళ్ళీ వెనక్కి తిరిగి నన్ను చూసి "రావేం?" అన్నట్టు తోక. నేనే ఆయాసపడ్డాను. పైన ఆ నిలబడ్డ బండ దగ్గర ఫోటో వచ్చింది, చెరువు మొత్తం కింద పళ్ళెంలా కనపడింది, అంతా బాగుంది.

దిగేటప్పుడు మొదలైంది అసలు కథ. మూడో మలుపులో ఒక రాయి కిందికి ఏటవాలుగా ఉంది. బూరె దాని అంచున ముందు కాళ్ళు పెట్టాడు, గోళ్ళు టక్ టక్ మని జారాయి. అంతే, వెనక్కి వచ్చి పిర్రలు రాయికి ఆనించి కూర్చున్నాడు. ట్రీట్ చూపించాను, మొహం తిప్పుకున్నాడు. మా ఆయన కింద నిలబడి చప్పట్లు కొట్టాడు, వినపడనట్టు ఆకాశంలోకి చూశాడు. చెవులు వెనక్కి అంటుకుపోయాయి, పెదాలు నాక్కుంటున్నాడు. కుక్క ఉన్నవాళ్ళకి తెలుసు, అది మొండితనం కాదు, భయం. వెనకాల పదిమంది ఆగిపోయారు. చివరికి మా ఆయన వాణ్ణి ఎత్తుకున్నాడు. 60 పౌండ్లు అంటే ఇండియన్ స్టోర్‌లో 20 పౌండ్ల సోనామసూరి బస్తాలు మూడు. ఆ మూడు బస్తాలూ కాళ్ళు ఆడిస్తూ, మొహం నాకుతూ ఉంటే, ఒక్కో రాయీ పాదంతో తడుముకుంటూ దిగాడు. కిందికొచ్చాక చూస్తే బూరె కుడి ముందు పాదం మెత్త మీద చిన్న గీత, రక్తం చుక్క. రాయి కోసుకుంది. బ్యాగ్‌లో గాజుగుడ్డ ఉంది కాబట్టి సరిపోయింది.

కాబట్టి కుక్కకి అనుమతి ఉండటం వేరు, కుక్కకి పనికిరావడం వేరు. గుట్టల మీది దారులు చాలావాటికి కుక్కని తీసుకెళ్ళొచ్చు. కానీ మీ వాణ్ణి మీరు ఎత్తుకుని దిగలేకపోతే మాత్రం బ్యాలెన్స్‌డ్ రాక్ దారిన ఎక్కకండి. చిహువాహువా లాంటి బుల్లి కుక్కల వాళ్ళకి ఈ షరతు వర్తించదు, మీరు సంచిలో వేసుకుని వెళ్ళిపోతారు.

మా అమ్మ ఇవేవీ చూడలేదు. కింద బెంచీ మీద ఫ్లాస్కు కాఫీ తాగుతూ కూర్చుంది. మేం చెమటలతో దిగేసరికి "నేను అప్పుడే చెప్పాను, చెరువుకొచ్చి కొండెక్కడం ఏంట్రా" అంది. అక్షరాలా నిజం.

మధ్యాహ్నం నుంచి ఆవిడ మాటే విన్నాం. అప్పుడు మొదలైంది బూరె గాడి పార్క్. పడమటి ఒడ్డున టంబుల్డ్ రాక్స్ అని మైలు పొడవు దారి. పేరు విని మళ్ళీ రాళ్ళేనా అనుకోకండి. రాళ్ళు పక్కన ఉంటాయి, గుట్ట మీంచి దొర్లిపడ్డవి, ఒక్కోటి ఆటో అంత. దారి మాత్రం చాలామటుకు తారు పోసి చదునుగా ఉంటుంది. ఒకవైపు బండలు, ఒకవైపు నీళ్ళు. మోకాళ్ళ నొప్పుల మా అమ్మ కూడా నడిచింది. బూరె అయితే ప్రతి బండ సందులోనూ ముక్కు దూర్చి, లోపల ఉడతలు ఎన్ని ఉన్నాయో లెక్క రాసుకున్నాడు. ఎండాకాలం మిట్ట మధ్యాహ్నం అయితే ఆ తారు మీద మీ అరచెయ్యి వెనకభాగం ఆనించి చూడండి. మీకు కాలితే వాడికీ కాలుతుంది.

నీళ్ళ దగ్గర జాగ్రత్తగా వినండి, చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. మనుషుల బీచ్‌లలోకి కుక్కలకి ప్రవేశం లేదు, అంచున కాళ్ళు తడుపుకోడానికి కూడా. వాటి కోసం విడిగా ఈత చోటు ఉంది, గేటు దగ్గర ఇచ్చే మ్యాప్‌లో గుర్తు చూసుకోండి. పిక్నిక్ కూడా అంతే, కుక్కలకి కేటాయించిన చోట మాత్రమే. మేం తెలియక మంచి చెట్టు నీడ చూసి చాప పరిచాం, పులిహోర డబ్బా మూత తీశాం. ఒకాయన వచ్చి మర్యాదగానే బోర్డు చూపించాడు. బోర్డు మా వెనకే ఉంది, దాని మీదే మా ఆయన టోపీ తగిలించాడు. చాప చుట్టుకుని లేచాం.

పట్టీ ఎప్పుడూ వేసే ఉండాలి, 8 అడుగులకి మించకూడదు. లాగితే సాగే పట్టీలు ఉన్నాయే, అవి ఇక్కడ పనికిరావు. ఇంకో కారణం కూడా చెప్తా. తూర్పు గట్టు కింద, చెరువు అంచునే రైలు పట్టాలున్నాయి. బొమ్మ రైలు కాదు, నిజం గూడ్సు. అది కూత వేసుకుంటూ వస్తే గుట్టల మధ్య ఆ శబ్దం నాలుగుసార్లు తిరిగొచ్చింది. బూరె ఒక్క గెంతు గెంతి మా అమ్మ కాళ్ళ మధ్య దూరాడు. ఆవిడ "రామ రామ" అంటూనే వాడి మెడ పట్టీ రెండు చేతులా పట్టుకుంది. ఏడాది కిందట ఇదే మనిషి వాడు దగ్గరికొస్తే సోఫా ఎక్కేది.

ఈత మాత్రం పదికి పది. గ్యాస్ మోటారు పడవలకి ఈ సరస్సులో అనుమతి లేదు, కాబట్టి చప్పుడు లేదు, అలలు లేవు, పెట్రోలు వాసన లేదు. అడుగున గులకరాళ్ళు కనపడుతున్నాయి. బూరె కర్ర తెచ్చాడు, విసిరాం, తెచ్చాడు, విసిరాం. నలభైసార్లు లెక్కపెట్టి మా ఆయన భుజం పట్టుకుని కూర్చున్నాడు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి: నీళ్ళ మీద పచ్చగా పెయింట్ ఒలికినట్టో, పాచి తెట్టులానో కనపడితే కుక్కని దించకండి, తాగనివ్వకండి. ఆ నీలాకుపచ్చ నాచు కుక్కల ప్రాణం తీస్తుంది. మేం వెళ్ళినరోజు ఏమీ లేదు. ఎండాకాలం మొదట్లో మనుషులకి ఈ చెరువులో ఒంటి దురద వస్తుంటుంది, బయటికి రాగానే టవల్‌తో గట్టిగా తుడుచుకోవాలి.

తిండి సంగతి. మనవాళ్ళ డబ్బాల్లో కుక్కకి పనికిరానివే ఎక్కువ. ఉల్లిపాయ, వెల్లుల్లి, ద్రాక్ష, పరమాన్నంలో కిస్‌మిస్, పిల్లల చాక్లెట్లు, అన్నీ విషమే. ఉల్లి పకోడీ కింద పడితే మీకంటే ముందు వాడు అందుకుంటాడు. మా అమ్మ పెరుగన్నం రెండు డబ్బాల్లో తెచ్చింది, ఒకటి పోపుతో మాకు, ఒకటి ఉప్పు కూడా లేకుండా వాడికి. వాడి డబ్బాలో పెరుగు ఎక్కువుంది, అది నేను గమనించాను.

త్వరగా ఇంకొన్ని. ఉత్తరం ఒడ్డునా దక్షిణం ఒడ్డునా గడ్డితో కప్పిన మట్టి దిబ్బలు కనపడతాయి, పక్షి, ఎలుగుబంటి లాంటి ఆకారాల్లో. వందల ఏళ్ళ కిందట స్థానిక ప్రజలు కట్టినవి. వాటి మీదికి కుక్కని ఎక్కించకండి, మీరూ ఎక్కకండి. దగ్గర్లో పార్ఫ్రీస్ గ్లెన్ అని అందమైన లోయ ఉంది, అక్కడికి కుక్కలకి అనుమతి లేదు, వాణ్ణి తీసుకుని అటు వెళ్ళి ఉసూరుమనొద్దు. క్యాంపింగ్ కావాలంటే 11 నెలల ముందే బుకింగ్ మొదలవుతుంది, వేసవి వారాంతాలకి అప్పుడే పట్టుకోవాలి.

రేటింగ్ అంటారా. గుట్టకి, కుక్కతో అయితే, ఐదుకి రెండు. ఆ రెండూ మా ఆయన నడుముకి ఇస్తున్నా. చెరువు చుట్టుపక్కలకి నాలుగున్నర. పిక్నిక్ చోట్లు ఇంకొన్ని ఉంటే ఐదూ ఇచ్చేదాన్ని.

చివరగా పిడుదులు, మన ఊళ్ళో గేదెల చెవుల్లో ఉంటాయే, అవే. ఇక్కడి జింక పిడుదులతో లైమ్ జబ్బు వస్తుంది, మనిషికీ కుక్కకీ. వెళ్ళేముందు మందు వేయించండి, వచ్చాక ఒళ్ళంతా వెతకండి: చెవుల లోపల, వేళ్ళ సందుల్లో, చంకల్లో, తోక కింద. నిన్న రాత్రి ఈ పని మా అమ్మే చేసింది. కళ్ళజోడు పెట్టుకుని, వాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని, చిన్నప్పుడు నాకు పేలు చూసినట్టే బొచ్చు పాయలు పాయలుగా తీసి చూసింది. ఎడమ చెవి వెనక ఒకటి దొరికింది, నువ్వుగింజంత. "కిరసనాయిలు రాస్తే ఊడిపోతుంది" అంది. వద్దన్నాను. అలాంటివేం రాయకూడదు. సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా, నెమ్మదిగా లాగాలి, మెలితిప్పకుండా. వచ్చేసింది. ఆవిడకి హుషారొచ్చింది. పొట్ట మీద వెతుకుతూ "ఇదిగో, ఇంకోటి! గట్టిగా పట్టుకుంది" అని పట్టకారు తీసుకుంది. నేను పరుగెత్తుకుంటూ వచ్చి ఆపాను.

అది పిడుదు కాదండి. మగకుక్కలకి కూడా చనుమొనలు ఉంటాయని మా అమ్మకి నిన్ననే తెలిసింది.